తాళంచెవి ఎవరి చేతిలో ఉండాలి?

(మైనారిటీ హక్కుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీమ్.



నేడు మాకు అప్పగించిన అంశం "మత స్వాతంత్ర్యం, ప్రభుత్వ జోక్యం". ఈ మాట వినగానే మన మనస్సులు మన మసీదుల వైపు, మన ఖబరస్తాన్ల వైపు మళ్లడం సహజమే. అయితే మేము ముందుగా మిమ్మల్ని కేరళలోని ఒక చర్చి గేటు దగ్గరకు తీసుకువెళ్లదలచాము. అక్కడ జరిగినది అర్థమైతే, మన గుమ్మం ముందు జరుగుతున్నది మరింత స్పష్టంగా కనబడుతుందని మా నమ్మకం.

2020 ఆగస్టు 17వ తేదీ. ఎర్నాకుళం జిల్లా ములంతురుత్తిలోని మార్తోమన్ చర్చి. తెల్లవారకముందే పోలీసు బలగాలు చేరుకున్నాయి. లోపల విశ్వాసులు, బిషప్పులు కూర్చుని ప్రార్థిస్తున్నారు. పోలీసులు గేటు పగలగొట్టి లోపలికి వెళ్లి, వారిని బయటకు తరలించి, చర్చిని స్వాధీనం చేసుకున్నారు. అంతకు ఏడాది ముందు, 2019 సెప్టెంబరులో, పిరవంలోని పెద్ద చర్చిలోనూ ఇదే జరిగింది. లోపలివారిని అరెస్టు చేసి పంపివేశాక చర్చి తాళంచెవులు జిల్లా కలెక్టరు చేతికి వెళ్లాయి.

దేవుని ఇంటి తాళంచెవి కలెక్టరు చేతిలో. మేము మూడు దశాబ్దాలకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసిన వాళ్లం. ఆఫీసు బీరువాలో ఎన్నో తాళంచెవులు చూశాం. కాని ప్రార్థనాలయం తాళంచెవి ఆ బీరువాలోకి ఎలా చేరింది? ఈ ప్రశ్నకు సమాధానం వెతికితే రెండు వందల ఏళ్ల కథ బయటపడింది.

మూడు వేల వరహాల కథ

కేరళలోని మలంకర సిరియన్ క్రైస్తవులు భారతదేశంలోని అతి ప్రాచీన క్రైస్తవ సమాజం. క్రీస్తు శిష్యుడైన తోమా క్రీ.శ. 52లో తమ తీరానికి వచ్చాడని వారి విశ్వాసం. 1808లో ఈ సమాజం పేరిట ఈస్టిండియా కంపెనీ దగ్గర మూడు వేల బంగారు వరహాలు శాశ్వత వడ్డీపై డిపాజిట్ అయ్యాయి. వట్టిపణం అని దానికి పేరు. ఆ వడ్డీ ఎవరు తీసుకోవాలి? సమాజానికి పెద్ద అయిన మెట్రోపాలిటన్ తీసుకోవాలి. మరి మెట్రోపాలిటన్ ఎవరు? ప్రభుత్వం ఎవరిని గుర్తిస్తే వారే.

గమనించండి. ఒక రశీదుపై సంతకం ఎవరు చేయాలన్న చిన్న ప్రశ్న, ఒక మత సమాజానికి నాయకుడెవరన్న పెద్ద ప్రశ్నగా మారింది. దానికి జవాబిచ్చే అధికారం ఖజానా చేతికి వెళ్లింది. తిరువాన్కూరు, కొచ్చిన్ సంస్థానాలు ఫలానావారే మెట్రోపాలిటన్ అని రాజశాసనాలు జారీ చేసేవి. సమాజంలో చీలిక వచ్చినప్పుడల్లా ఇరుపక్షాలూ అదే ఖజానా గుమ్మం ముందు, అదే న్యాయస్థానం ముందు నిలబడవలసి వచ్చింది. 1889లో తిరువాన్కూరు రాజ అంతిమ అప్పీలు న్యాయస్థానంలో ఒక తీర్పు. 1912లో స్థానికంగా కాథోలికోస్ పీఠం ఏర్పడడంతో మరో చీలిక. 1913లో ఈ వడ్డీ ఎవరికివ్వాలో తేల్చుకోమని ప్రభుత్వమే తిరువనంతపురం జిల్లా కోర్టుకు వెళ్లింది.

అప్పటి నుంచి ఒక పక్షం ఆర్థడాక్స్ సభ. కేరళలోనే ఉన్న కాథోలికోస్‌ను అధిపతిగా వారు భావిస్తారు. మరొక పక్షం జాకోబైట్ సభ. సిరియాకు చెందిన అంత్యోకియ పాట్రియార్క్‌కే తమ విధేయత అంటారు. ఇరువురిదీ ఒకే ఆరాధనా విధానం, ఒకే సురియాని ప్రార్థన, చాలాచోట్ల ఒకే ఇంటిపేరు. తేడా ప్రధానంగా అధికారం దగ్గర, ఆ అధికారం వెంట ఉన్న ఆస్తి దగ్గర.

1934లో ఆర్థడాక్స్ పక్షం ఒక నిబంధనావళిని ఆమోదించుకున్నది. 1958లో సుప్రీంకోర్టు తీర్పు వారికి అనుకూలంగా వచ్చింది. కొంతకాలం ఇరుపక్షాలు కలిసి నడిచాయి. 1970ల నాటికి మళ్లీ తగవు. 1995లో మరో తీర్పు. 2017 జూలై 3న అంతిమమనదగిన తీర్పు వచ్చింది. మలంకర సభకు చెందిన అన్ని చర్చిలనూ 1934 నాటి నిబంధనావళి ప్రకారమే నిర్వహించాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. వివాదంలో లెక్కకు వచ్చిన చర్చిలు 1,064. వాటిలో అనేకం ఆచరణలో జాకోబైట్ విశ్వాసుల చేతుల్లో ఉన్నాయి. తీర్పు ఆర్థడాక్స్ పక్షానిది. కట్టడంలో కూర్చున్నవారు ఎదుటి పక్షం. ఈ రెంటి మధ్య ఖాళీలోకి పోలీసులు వచ్చారు.

తీర్పు అమలు వేరు, ప్రార్థనపై పెత్తనం వేరు

ఇక్కడ మేము ఒక పక్షం వహించబోవడం లేదు. ఆర్థడాక్స్ సోదరుల మాటలో న్యాయం ఉంది. దశాబ్దాలు కోర్టులలో పోరాడి తీర్పు తెచ్చుకున్నాం, తీర్పు అమలు కాకపోతే ఇక చట్టం ఎందుకు అని వారు అడుగుతున్నారు. ఈ ప్రశ్నను మనం తేలికగా తీసుకోరాదు. తీర్పులు అమలుకాకపోతే మొదట నష్టపోయేది మనవంటి అల్పసంఖ్యాకులే. జాకోబైట్ సోదరుల ఆవేదనలోనూ న్యాయం ఉంది. మా తాతముత్తాతలు రాయి రాయి మోసి కట్టిన చర్చిలో, వారి సమాధులు ఉన్న ఆవరణలో, మేము నమ్మే గురువు చేత ప్రార్థన చేయించుకోలేకపోతే మా మతస్వేచ్ఛకు అర్థమేమిటని వారి ప్రశ్న.

ఈ రెండు న్యాయాల మధ్య ప్రభుత్వం ఎక్కడ నిలబడాలి?

రాజ్యాంగం 25వ అధికరణం ప్రతి వ్యక్తికి తన మతాన్ని ఆచరించే హక్కునిచ్చింది. 26వ అధికరణం ప్రతి మతశాఖకు ఇచ్చిన హక్కులలో రెండింటిని వేర్వేరుగా చూడాలి. మత విషయాలను తామే నిర్వహించుకోవడం ఒకటి. ఆస్తిని చట్టం ప్రకారం నిర్వహించుకోవడం రెండవది. మొదటిదానిలో చట్టసభకు చోటు బహుస్వల్పం. రెండవదానిలో చట్టానికి చోటు ఉంది, కాని ఆ చోటుకు హద్దు ఉంది. 1954లో శిరూరు మఠం కేసులోను, అదే ఏడాది రతిలాల్ గాంధీ కేసులోను సుప్రీంకోర్టు ఈ హద్దును గీసింది. ఆస్తి నిర్వహణను చట్టం క్రమబద్ధం చేయవచ్చును. ఆ నిర్వహణను మతశాఖ చేతి నుంచి పూర్తిగా తీసివేసి మరొకరికి అప్పగించరాదు. ఒక కేసు హిందూ మఠానిది, మరొకటి జైనులు మొదలైనవారి ధర్మసంస్థలకు సంబంధించినది. కాని ఆ హద్దు దేశంలోని ప్రతి మసీదుకూ, ప్రతి గురుద్వారాకూ, ప్రతి చర్చికీ రక్షణ. ఒకరి ఆలయానికి కట్టిన గోడ మరొకరికి నీడనివ్వడం అంటే ఇదే.

ఈ వెలుగులో చూస్తే, ఆస్తి ఎవరిదో తేల్చడం న్యాయస్థానం పని. తేలిన తీర్పును శాంతియుతంగా అమలు చేయడం ప్రభుత్వం పని. ఎవరి గురువు అసలైన గురువు, ఎవరి ప్రార్థన చెల్లుతుంది అని నిర్ణయించడం మాత్రం తహసీల్దారు పనీ కాదు, పోలీసు ఇన్‌స్పెక్టరు పనీ కాదు. కేరళలో జరిగిన విషాదం ఏమంటే, రెండవ పని చేయబోయి మూడవ పనిలో కాలుపెట్టవలసి వచ్చింది. గేటు దగ్గర నిలబడిన కానిస్టేబులు లోపలికి వెళ్లే మనిషిని చూసి, ఇతడు ఏ పాట్రియార్క్ మనిషి అని ఆలోచించవలసిన స్థితి వచ్చింది.

ఇటీవల న్యాయస్థానాలు కూడా ఈ ఇబ్బందిని గుర్తిస్తున్నాయి. 2024 ఆగస్టులో ఎర్నాకుళం, పాలక్కాడ్ జిల్లాలలోని ఆరు చర్చిలను స్వాధీనం చేసుకోమని కేరళ హైకోర్టు కలెక్టర్లను ఆదేశించింది. విషయం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2024 డిసెంబరులో యథాతథ స్థితి కొనసాగించమన్నారు. 2025 జనవరి 30న ఆ ఆదేశాలను పక్కనపెట్టి, మత వ్యవహారాలలో పౌర యంత్రాంగం ఎంతవరకు జోక్యం చేసుకోవచ్చునో ప్రజాహితం దృష్ట్యా మళ్లీ పరిశీలించమని హైకోర్టుకు పంపారు. శతాబ్దానికి పైబడిన వ్యాజ్యం తరువాత కూడా ప్రశ్న అక్కడికే వచ్చి ఆగింది. తాళంచెవి కలెక్టరు చేతిలో ఉండవచ్చునా?

శవానికీ అడ్డు

ఈ వివాదంలో మా మనస్సును అన్నిటికంటె ఎక్కువగా కలచివేసినది చర్చి గేటు కాదు, శ్మశానం గేటు. తీర్పు తరువాత అనేక గ్రామాలలో చనిపోయినవారిని పూర్వీకుల సమాధుల పక్కన ఖననం చేయడం తగవుగా మారింది. ఏ పక్షపు ఫాదిరీ వెంట రావాలన్నదే పేచీ. అలప్పుళ జిల్లా కట్టచిరలో ఒక వృద్ధురాలి భౌతికకాయం నెల రోజులకు పైబడి పెట్టెలో, ఇంటి ఆవరణలోనే ఉండిపోయింది. తొంభై ఏళ్లు ఆ చర్చి గంట విని బ్రతికిన మనిషికి ఆరడుగుల నేల దొరకలేదు.

అప్పుడు కేరళ ప్రభుత్వం చేసిన పనిని మనం మెచ్చుకోవాలి. 2020 జనవరిలో ఒక ఆర్డినెన్సు, తరువాత చట్టం తెచ్చింది. కుటుంబ సమాధులు ఉన్న శ్మశానంలో ఖననం చేసే హక్కు ఆ కుటుంబానికి ఉంటుంది; ప్రార్థన మరోచోట తమకు నచ్చిన గురువు చేత చేయించుకోవచ్చును. ఇది కూడా ప్రభుత్వ జోక్యమే. కాని ఈ జోక్యం ఎవరి విశ్వాసాన్నీ తీర్పు తీర్చలేదు. మనిషికి దక్కవలసిన చివరి మర్యాదను కాపాడింది. జోక్యాలన్నీ ఒకటి కావు. విశ్వాసిని బయటకు నెట్టే జోక్యం ఒకటి, విశ్వాసికి దారి చూపే జోక్యం ఒకటి. మనం వ్యతిరేకించవలసినది మొదటిదాన్ని.

మేమే రాసిన అక్షరం

సోదరులారా, ఇక మా సంగతి ఒకటి చెప్పుకోవాలి. ఇంతవరకు ఏ సభలోనూ చెప్పలేదు.

భూ రికార్డులను కంప్యూటరులోకి ఎక్కిస్తున్న రోజులవి. మేము పనిచేస్తున్న కార్యాలయానికి గ్రామాల పాత రిజిస్టర్లు కట్టలుగా వచ్చేవి. ఒక గ్రామపు పాత ఆర్.ఎస్.ఆర్.లో ఒక సర్వే నంబరు ఎదురుగా "ముసల్మానుల శ్మశానం, ఎకరా 12 సెంట్లు" అని ముత్యాల వంటి దస్తూరీలో ఉంది. మాకిచ్చిన నమూనాలో ఆ మాటకు గడి లేదు. పై అధికారిని అడిగాం. "పోరంబోకు అని రాసేయండి, తరువాత చూద్దాం" అన్నారు. సాయంత్రంలోగా నాలుగు గ్రామాలు పూర్తి కావాలి. "ప్రభుత్వ పోరంబోకు" అని రాశాం. మా చేతితోనే రాశాం. కింద మా పొట్టి సంతకం కూడా పెట్టాం. ఆ "తరువాత" ఎన్నడూ రాలేదు.

పద్దెనిమిదేళ్లు గడిచాయి. మేము పదవీ విరమణ చేశాం. ఒకనాడు ఆ గ్రామం నుంచి ఫోను వచ్చింది. ఒక పెద్దావిడ చనిపోయారు, ఖబరు తవ్వుతుండగా సిబ్బంది వచ్చి ఆపారు, అది ప్రభుత్వ స్థలమట, ఏదో భవనానికి కేటాయించారట. మేము వెళ్లేసరికి జుహర్ దాటింది. జనాజా చింతచెట్టు కింద మంచం మీద ఉంది. అధికారి చేతిలోని కాగితం అడిగి చూశాం. అందులో ఉన్నవి మేము రాసిన అక్షరాలే. బతిమాలగా, ఫోన్లు చేయగా, మగ్రిబ్ వేళకు ఈ ఒక్కసారికి అని అనుమతించారు. మట్టి ఇచ్చాక ఆమె కుమారుడు మా చేయి పట్టుకుని, "చాచా, మీరు ఆ ఆఫీసులోనే పనిచేశారు కదా, ఇదెట్లా జరిగింది?" అని అడిగాడు. మేము జవాబు చెప్పలేకపోయాం.

ఆ తరువాత పదకొండు నెలలు తిరిగాం. పాత రిజిస్టరు ధ్రువీకృత నకలు తీయించాం, సర్వే పటం తీయించాం, అర్జీ మీద అర్జీ పెట్టాం. ఎకరా 12 సెంట్లలో 70 సెంట్లు తిరిగి ఖబరస్తాన్‌గా నమోదయింది. మిగిలిన 42 సెంట్లలో గోడ లేచింది. ఆ గోడ చూసినప్పుడల్లా మాకు మా సంతకమే కనబడుతుంది.

ఇది ఎందుకు చెప్పామంటే, ప్రభుత్వ జోక్యం ఎల్లప్పుడూ లాఠీతో రాదు. గేటు పగలగొట్టే శబ్దం దేశమంతా వింటుంది. గడి లేని నమూనాలో ఒక గుమాస్తా రాసే అక్షరం చప్పుడు చేయదు. రెండూ చేరేది ఒకచోటికే.

వక్ఫ్ చట్టం మనకు చెబుతున్నదేమిటి?

2025 నాటి వక్ఫ్ సవరణ చట్టాన్ని ఈ దృష్టితో చూడండి. ఒక ఆస్తి వక్ఫుదా, ప్రభుత్వానిదా అన్న వివాదం వస్తే కలెక్టరు స్థాయికి పైబడిన ప్రభుత్వ అధికారి తేల్చాలని అందులో ఉంది. ఆయన నివేదిక వచ్చేవరకు దానిని వక్ఫుగా పరిగణించరాదని కూడా ఉంది. వాది ప్రభుత్వం, తీర్పరి ప్రభుత్వోద్యోగి. 2025 సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వులో ఈ భాగాన్ని నిలిపివేసింది. ఆస్తి హక్కును తేల్చే పని కార్యనిర్వాహక అధికారిది కాదన్న సూత్రమే దానికి ఆధారం. వక్ఫు చేయాలంటే అయిదేళ్లుగా ఇస్లాంను ఆచరిస్తూ ఉండాలన్న షరతును కూడా, దానిని తేల్చే నియమాలు ఏర్పడేవరకు, నిలిపివేశారు. ఒక మనిషి ముస్లిమా కాదా అని కార్యాలయంలో తేల్చడం, చర్చి గేటు దగ్గర కానిస్టేబులు ఆలోచన వంటిదే.

అయితే వాడుక ద్వారా వక్ఫు అన్న భావనను మునుముందుకు తొలగించిన నిబంధనను నిలిపివేయలేదు. నమోదు తప్పనిసరి అన్నదానినీ నిలిపివేయలేదు. అది మధ్యంతర ఉత్తర్వు మాత్రమే. దొరికిన ఊరటను విజయమని భ్రమించరాదు. హైదరాబాదు సమీపంలోని మణికొండ దర్గా భూముల సంగతి మనకు తెలుసు. 1,654 ఎకరాల కోసం వక్ఫు బోర్డు ఒకవైపు, ప్రభుత్వం మరొకవైపు నిలబడి దీర్ఘకాలం వాదించాయి. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ భూమి ప్రభుత్వానిదేనని తేల్చింది. కాగితం బలహీనమైతే కన్నీరు దాని స్థానాన్ని భర్తీ చేయదు.

మనం చేయవలసినది

మొదటిది, మన ఇంటి తగవును మనం చక్కదిద్దుకోవాలి. మలంకర కథలో తాళంచెవిని ప్రభుత్వం దొంగిలించలేదు. అన్నదమ్ములిద్దరూ పోటీపడి తెచ్చి దాని చేతిలో పెట్టారు. మన మసీదు కమిటీలను చూడండి. ఇమామ్ నియామకం మీద, పాత కమిటీ కొత్త కమిటీ లెక్కల మీద, ఈ జమాఅత్ ఆ జమాఅత్ అన్న భేదం మీద మనలో ఎందరు పోలీస్ స్టేషను మెట్లు ఎక్కలేదు? సంవత్సరానికొకసారి జుమా నమాజు తరువాత లెక్కలు చదివి వినిపించండి. గడువు ప్రకారం ఎన్నిక జరపండి. తగవు వస్తే ముందుగా ఇరుపక్షాలూ నమ్మే పెద్దల దగ్గర కూర్చోండి.

రెండవది, కాగితాలు. మీ గ్రామంలోని మసీదు, దర్గా, ఈద్‌గాహ్, ఖబరస్తాన్, ఆషూర్‌ఖానా ప్రతిదానికీ ఒక దస్త్రం తయారు చేయండి. వక్ఫ్ గెజిట్ నకలు, పాత ఆర్.ఎస్.ఆర్., ప్రస్తుత అడంగల్ లేదా పహాణీ, సర్వే పటం, కరెంటు బిల్లులు, 22ఏ నిషేధిత జాబితాలో ఉన్నదో లేదో తెలిపే కాగితం అందులో ఉండాలి. పాత రికార్డులో ఒక మాట, కొత్త రికార్డులో మరొక మాట ఉంటే ఆనాడే అర్జీ పెట్టండి. ఉమీద్ పోర్టల్‌లో మీ ఆస్తి నమోదు ఏ దశలో ఉన్నదో ముతవల్లీని అడగండి. అడగడం మీ హక్కు.

మూడవది, న్యాయాన్ని మనకొరకే దాచుకోరాదు. కేరళలోని మునంబంలో వందలాది క్రైస్తవ మత్స్యకార కుటుంబాలు తమ ఇళ్ల స్థలాన్ని వక్ఫుగా ప్రకటించినందుకు కలతచెంది దీక్షలు చేశాయి. వారి ఇల్లూ ఇల్లే. వక్ఫు హక్కును నిలబెట్టుకుంటూనే వారి గూడు చెదరకుండా చూడడం మన బాధ్యత. అన్యాయం మనమీదికి వచ్చినప్పుడు మాత్రమే అన్యాయంగా కనబడితే అది న్యాయదృష్టి కాదు.

హజ్రత్ ఉమర్ (రజి) బైతుల్ మఖ్‌దిస్ నగరంలో ప్రవేశించిన ఘట్టాన్ని చరిత్రకారులు చెబుతారు. అక్కడి పెద్ద చర్చిలో ఉండగా నమాజు వేళయింది. పాట్రియార్క్ లోపలే చేసుకోమన్నారు. ఆయన ఒప్పుకోలేదు. నేను ఇక్కడ నమాజు చేస్తే, రేపు నా వెనుకవారు ఇది మాదని చర్చిని తీసుకుంటారేమో అని సంశయించి, బయటకు వెళ్లి చేసుకున్నారు. పాలకుని చేతిలో అన్ని అధికారాలూ ఉన్న రోజు అది. తాళంచెవిని తీసుకోగలిగి కూడా తీసుకోకపోవడమే ఆయన ఇచ్చిన తీర్పు. దివ్య ఖుర్ఆన్ హజ్ సూరా 40వ ఆయతులో మఠాలను, చర్చిలను, యూదుల ఆలయాలను, మసీదులను ఒకే వరుసలో ప్రస్తావించి, దైవనామం స్మరించే ఆ స్థలాల రక్షణను గురించి చెప్పింది. ఆ వరుసలో మసీదు చివరన ఉంది. మనం దీనిని తరచుగా మరచిపోతాం.

ములంతురుత్తి గేటు పగిలిన శబ్దం మనకు సంబంధించనిది కాదు. ఆ గ్రామంలో చింతచెట్టు కింద నిరీక్షించిన జనాజా క్రైస్తవ సోదరులకు సంబంధించనిదీ కాదు. మన జిల్లాలోని చర్చి పెద్దల దగ్గరకు వెళ్లి ఈ మాట చెప్పి రావాలని ఈ సభ తీర్మానించాలని కోరుతున్నాం. ఆ తరువాత ఒక ఆదివారం ఆ గ్రామానికి ఇరువురమూ కలిసి వెళ్లి, మిగిలిన 42 సెంట్లను గురించి కొత్త అర్జీ పెడదాం. ఈసారి ఆ అర్జీ కింద పెట్టే సంతకం పొట్టిది కాదు. పూర్తి పేరుతో పెడతాం.

అల్లాహ్ మనకు న్యాయబుద్ధినీ, సహనాన్నీ ప్రసాదించుగాక. ఆమీన్.